గొడ్లు తొక్కిన వరికాడలు

1964లో నన్ను వరి పరిశోధన కేంద్రంలో ప్రొబేషన్ మీద రీసెర్చ్ అసిస్టెంటుగా వేసి, కోట అనే ఊరి చుట్టుపక్కల పొలాలు అప్పగించారు. సముద్రపు గాలికి అక్కడి మొలగొలుకుల వరి పడిపోకుండా నిలవాలంటే కాండం గట్టిపడాలి. ఆ గట్టిదనం ఇచ్చే పదార్థం లిగ్నిన్. అది ఏర్పడటానికి పెరాక్సిడేజ్ అనే ఎంజైము కావాలి. పైరు పొట్టకొచ్చిన రోజుల్లో, అంటే కంకి ఇంకా కాండం లోపలే ఉన్నప్పుడు, అదెంత చురుగ్గా ఉందో కొలవడం నా పని.

కాడ కోసిన కాసేపటికల్లా ఐసులో పెట్టకపోతే ఎంజైము చెడిపోతుంది. చేపల వ్యాపారుల ఐసే నాకు దిక్కు. ఆ ఐసు పోసుకునే నా డబ్బా చేపల కంపు, నేనూ అంతే. రూలు ప్రకారం కాడలు నేనే కోయాలి. సైకిలు మీద మూడూళ్లు తిరగలేక, మస్తానమ్మ అనే రైతు పొలంలో ఆ పని ఆమెకే వదిలేశాను. నేను వెళ్లేసరికి పది కాడలు తడిగుడ్డలో చుట్టి ఉంచేది, పక్కనే గ్లాసెడు మజ్జిగ.

ఆమె పొలం లెక్క మాత్రం తేడాగా వచ్చేది. కాడ నూరిన రసంలో మందు వేయగానే మిగతావాటికంటే చాలా త్వరగా రంగు తిరిగేది, అంటే ఎంజైము ఎక్కువున్నట్టు. కారణం చెప్పలేకపోతే ప్రొబేషన్ కాగితం మీద సంతకం పెట్టనన్నారు మా ఆఫీసరుగారు. ఇంట్లో అందరికీ నా జీతమే ఆధారం.

మర్నాడు చెప్పకుండా పెందలాడే వెళ్లాను. మస్తానమ్మ గట్టు వెంబడి వంగి, గొడ్లు తొక్కి నలిగిన కాడలు ఏరుతోంది. దెబ్బతిన్న కాండంలో ఈ ఎంజైము పెరుగుతుంది. గాయాన్ని పూడ్చుకోవడానికి మొక్క పడే పాటు అది. ఎందుకిట్లా చేసినావని కోప్పడ్డాను.

"పొట్టతో ఉండేదాని మీద కొడవలి పెట్టేదానికి చెయ్యి రాలేదు నాయనా. ఎట్లాగూ నలిగినవే కదా అని తెచ్చినా."

నా ఉద్యోగం సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆమె మొహం చిన్నబోయింది. చేలోకి దిగి, మంచి కాడలు పది, ఒక్కొక్కదాన్నీ కళ్లకద్దుకుని కోసి తెచ్చింది. అవి నా చేతిలో పెట్టేటప్పుడు ఆమె కళ్లల్లో నీళ్లున్నాయి. నాకు సిగ్గేసింది. ఆ పూట మజ్జిగ తాగకుండానే వచ్చేశాను.

ఆ పది కాడల లెక్క మిగతా పొలాలతో సరిపోయింది. ఆఫీసరుగారి దగ్గరికి వెళ్లి, ఇన్నాళ్లూ ఆ కాడలు నేను కోయలేదనీ, తప్పు నాదేననీ ఒప్పుకున్నాను. ఆయన పాత లెక్కలు కొట్టేయకుండా, ‘గాయపడిన కాడలు’ అని విడిగా రాయించారు. నా ప్రొబేషన్ మాత్రం ఆరు నెలలు పొడిగించారు. అది న్యాయమే.

రిటైరయ్యేదాకా, నా కింద చేరిన ప్రతి అసిస్టెంటుకూ మొదటిరోజే చెప్పేవాణ్ణి. నమూనా మీ చేత్తో మీరే కోయండి. పొట్టకొచ్చిన పైరును కోసే బరువు, దాన్ని పెంచిన మనిషి మీద వేయకండి.