నెట్‌కు కలపొద్దన్న స్కానర్

బేరంలో నన్ను ఓడించిన మనిషి సారపాకలో లేడని చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్లలో నేనే మొదటిదాన్ని. తిరుమలాయపాలెంలో మా నాన్నది కిరాణా కొట్టు, మేనమామది బట్టల కొట్టు, బాబాయిది ఎరువుల కొట్టు. మా ఇళ్లల్లో పిల్లలకు మాటలకన్నా ముందు ధర అడగడం వస్తుందని చుట్టాలు నవ్వేవాళ్లు. దవాఖానాలో డాక్టరుగారి ఫీజు దగ్గర కూడా "కొంచెం చూసుకోండి సార్" అన్న మనిషిని నేను. ఆయన చూసుకోలేదు. నేనూ సిగ్గుపడలేదు.

పెళ్లయి సారపాక వచ్చాక, మా మరిది మెకానిక్ షెడ్డును ఆనుకుని స్పేర్ పార్టుల కొట్టు పెట్టాను. జామాయిల్ కర్ర తెచ్చే లారీలు, ఆటోలు, అడవి ఊళ్ల నుంచి కూలీలను ఎక్కించుకుని మిరప తోటలకు పోయే పికప్పులు మా షెడ్డుకు వస్తాయి. మరిది చెవి మంచిది. ఇంజిన్ చప్పుడు వినే సగం రోగం చెప్పేవాడు. ఈ కొత్త బండ్లు వచ్చాక ఆ చెవితో పని లేకుండా పోయింది. డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలుగుతుంది, బండి లాగదు, ఎందుకో చెప్పదు. దాని నోరు తెరిపించాలంటే స్టీరింగు కింది సాకెట్‌కు స్కానర్ తగిలించాలి. స్కానర్ లేనివాళ్లు బండిని ఖమ్మం షోరూముకు పంపి చేతులు దులుపుకోవాలి.

"వదినా, స్కానర్ కొనకుంటే ఇగ మనం పంచర్లు ఏస్కొని బతకాల్సిందే" అన్నాడు మరిది.

కొనడం నా వంతు. పెద్ద వస్తువు ఏది కొనాలన్నా నాకొక పద్ధతి ఉంది. షట్టర్ లేపగానే వచ్చిన మొదటి మనిషిని ఉత్త చేతులతో పంపడానికి ఏ దుకాణదారుకూ మనసొప్పదు. బోణీ చెడితే రోజంతా చెడుతుందని వాళ్ల భయం. ఆ భయం ఎంత బలమైనదో కొట్టులో పుట్టినదాన్ని, నాకు తెలుసు. అందుకే మొదటి బస్సెక్కి ఖమ్మం పోయి, ఆ టూల్స్ షాపు ముందు షట్టర్ కన్నా ముందే నిలబడ్డాను.

షాపాయన దేవుడి పటానికి అగరుబత్తి వెలిగించి, అద్దాల బీరువాలోంచి ఒక స్కానర్ తీసి చూపించాడు. ధర చెప్పాడు. నేను అందులో సగం కన్నా తక్కువ చెప్పాను.

"మేడం, బోణీ టైమ్‌ల గిట్ల అడిగితే ఎట్ల?"

"బోణీ టైమని చెప్పే గిట్ల అడుగుతున్న. లేకుంటే ఇంక తక్కువ అడిగేదాన్ని."

లేచాను. కూర్చోబెట్టాడు. మళ్లీ లేచాను. చివరికి ఆయన నా ధరకు దగ్గరగా వచ్చేసి, "సరే మేడం, మీ చేతి బోణీ. కూసోండ్రి, లోపల్నుంచి పీస్ తెస్త" అని వెనక గదిలోకి పోయాడు. అచ్చం అలాంటి డబ్బానే తెచ్చాడు. ప్యాక్ చేస్తూ, "ఒక్కటే మాట. దీన్ని నెట్‌కు కలపకుండ్రి. అప్‌డేట్ చెయ్యాల్నా అని అడుగుతది, నో కొట్టుండ్రి. మంచిగ పనిచేస్తది" అన్నాడు.

అమ్మేశాక కూడా జాగ్రత్తలు చెప్పే మంచి మనిషి దొరికాడని మురిసిపోయాను. బస్సులో పక్క సీటావిడకు, ఆమె అడగకపోయినా, ధర ఎంత తగ్గించానో కొత్తగూడెం వచ్చేదాకా చెప్పాను.

స్కానర్ పనిచేసింది కూడా. పాత మోడల్ బండ్లలో ఏ సెన్సార్ పోయిందో చక్కగా చెప్పేది. మరిది దానికి రెగ్జిన్ కవరు కుట్టించాడు. షెడ్డుకు వచ్చినవాళ్లందరికీ చూపించాడు.

మిరప కోతలు ఊపందుకున్నప్పుడు మణుగూరు వైపు అడవి ఊరి నుంచి ఒక కొత్త మోడల్ పికప్ వచ్చింది. బండి అతనిదే, నడిపేదీ అతనే. అంతకుముందు అతనూ కోతలకు వేరేవాళ్ల బండ్లలో నిలబడి పోయినవాడే. ఇప్పుడు వాళ్ల ఊరి ఆడవాళ్లు ఇతని బండి తప్ప వేరేది ఎక్కరు. కోతల కాలం పోతే ఆ ఇంటికి మళ్లీ అంత రాబడి ఉండదు. సరిగ్గా ఆ కాలంలోనే బండి మొరాయించింది.

"గడ్డెక్కుతలేదక్కా. మనుషులు దిగి నడిస్తే అప్పుడెక్కుతది. నన్ను చూసి నవ్వుతుండ్రు" అన్నాడు.

మరిది స్కానర్ తగిలించాడు. తెర మీద గుండ్రటి గీత చాలాసేపు తిరిగాక, ఇంజిన్ కంప్యూటర్ నుంచి జవాబు లేదని వచ్చింది. మళ్లీ తగిలించాడు. మళ్లీ అదే. మరిది ముఖం డాక్టరు ముఖం అయిపోయింది.

"కంప్యూటర్ పోయింది తమ్మీ. కొత్తది ఎయ్యాలె."

దాని ధర వినగానే అతను టైరు మీద చెయ్యేసి అలాగే కూలబడ్డాడు. ఆ మాట బండికన్నా వేగంగా పోయింది. సాయంత్రానికల్లా పాత బండ్లు కొనే బేరగాడు షెడ్డులో ఉన్నాడు. బండి చుట్టూ తిరిగి, కాలితో టైరును తన్ని, తుక్కు ధర చెప్పాడు.

"కంప్యూటర్ పోయిన బండి ఇంతకన్న ఎవడూ కొనడు అల్లుడా. ఎల్లుండి పైసలు తెస్త. కాయితాలు తయారు పెట్టుకో."

డ్రైవరు తల ఊపాడు. ఆ ఊపిన తల నాకు నచ్చలేదు. బేరమాడకుండా ఒప్పుకునే మనిషిని చూస్తే నా నోరు ఊరుకోదు.

బండి ఇంజిన్ అప్పటికీ నడుస్తూనే ఉంది. నేను మరిదిని పక్కకు పిలిచాను. "కొట్టు తెరిచే ఉంది, సరుకు అమ్ముడుపోతనే ఉంది, సేటు మాత్రం సచ్చిండు అంటే నమ్ముతవా? కంప్యూటర్ పోతే ఇంజిన్ ఎట్ల నడుస్తుంది?"

"సగం పోయి ఉంటది వదినా. స్కానర్ చెప్తుంది గద!"

"స్కానర్ చెప్పింది. స్కానర్ సంగతి ఎవరు చెప్పిండ్రు?"

"వదినా, నీది కౌంటర్. నాది షెడ్డు."

మాట కొంచెం గట్టిగానే తగిలింది. కానీ కౌంటర్ తెలివి కూడా తెలివే. మా నాన్న పొద్దున్నే తక్కెడలో సర్కారు ముద్ర ఉన్న కిలో రాయి పెట్టి చూసేవాడు. గిరాకీదారు తూకం తక్కువైందని గొడవపడితే పప్పును కాదు, ముందు తక్కెడను అనుమానించేవాడు. రోగం లేదని తెలిసిన బండికి తగిలిస్తే కదా, రోగం బండిదో స్కానర్‌దో తేలేది.

మర్నాడు పొద్దున పాలు దింపడానికి అదే మోడల్ పికప్ మా వీధికి వచ్చింది. ముందురోజే షోరూములో సర్వీసు చేయించుకుని వచ్చిన బండి. టీ తాగిస్తానని డ్రైవరును ఆపి, మరిది చేత స్కానర్ తగిలించాను. గీత తిరిగింది, తిరిగింది. జవాబు లేదు.

"అయ్యో! దీని కంప్యూటర్ గూడ పోయింది. ఏందిది, అంటురోగమా?" అన్నాను.

మరిది నవ్వలేదు. స్కానర్‌ను తిప్పి తిప్పి చూశాడు. తర్వాత ఇద్దరం కలిసి దాని పని పట్టాం. బ్యాటరీ ఓల్టేజి మీటరుతో ఒకటి వస్తే, స్కానర్ తెర మీద ఇంకోటి వచ్చింది. వెనక ఉన్న సీరియల్ నంబరును తయారు చేసినవాళ్ల వెబ్‌సైట్‌లో కొడితే, ఆ నంబరు ఎప్పుడో వేరేవాళ్ల పేరు మీద రిజిస్టరైందని వచ్చింది. ఒకే నంబరును ఎన్ని డబ్బాల మీద అచ్చు కొట్టారో! నెట్‌కు ఎందుకు కలపొద్దన్నాడో అప్పుడు తలకెక్కింది. కలిపితే అసలు కంపెనీవాళ్లు దొంగను పట్టుకుని దాని నోరు మూసేస్తారు. కలపకపోతే కొత్త బండ్ల భాష దానికి ఎప్పటికీ రాదు. పాత బండ్లతో మాట్లాడింది కాబట్టి మేం నమ్మాం. కొత్త బండి పలకరిస్తే దానికి అర్థం కాలేదు, బండే మూగదని మాకు చెప్పింది.

డ్రైవరుకు ఫోన్ చేశాను. "తమ్మీ, రేపు సాయంత్రం దాక ఆ బేరగాని చేతిల చెయ్యి ఎయ్యకు."

బేరగాడికి ఎలా తెలిసిందో, గంటలో నా కౌంటర్ ముందున్నాడు. "చెల్లె, నా బేరం చెడగొట్టకు. బోల్టులమ్ముకునేదానివి, నీకెందుకీ లొల్లి?"

"అన్నా, నువ్వు ఇనుము కొనేటోడివి. అది ఇంక బండే. ఇనుమైననాడు నేనే పిలుస్త."

మర్నాడు మళ్లీ మొదటి బస్సు, మళ్లీ అదే షట్టర్. ఈసారి చేతిలో స్కానర్ ఉంది. షాపాయన నన్ను చూసి నవ్వబోయి, డబ్బా చూసి ఆగిపోయాడు.

"బోణీకే వచ్చిన" అన్నాను, కుర్చీ లాక్కుని. "బీరువల ఉన్నదాన్ని తీసి దీని పక్కన పెట్టండ్రి."

"మేడం, పొద్దుపొద్దున్నే..."

"పొద్దున్నే మంచిగ కనపడతది."

ఆయన కాసేపు నసిగి, అసలు మాట అనేశాడు. "నేనేం దాచలె మేడం. మీరడిగిన రేటుకు ఒరిజినల్ రాదు. మీరు రేటే అడిగిండ్రు. ఒరిజినలా అని అడగలె."

నిజం. ఆ పూట నేను ధర తగ్గించాననుకున్నాను. ధర దానంతట అది ఉండిపోయింది, సరుకే కిందికి దిగింది. ఈ ముక్క బస్సులో వస్తూ నేనే నాకు చెప్పుకుని నవ్వుకున్నాను. కానీ నా తెలివితక్కువతనం నా సొంతం. దాని మీద ఆయన దుకాణం నడుపుకుంటానంటే ఒప్పుకుంటానా?

"మా నాయిన కొట్టుల కందిపప్పు రేటు తగ్గియ్యమంటే, అయితే తగ్గిస్తడు, లేకుంటే పొమ్మంటడు. తగ్గించిన్నని చెప్పి రాళ్లు తూచి పొయ్యడు. నన్ను పొమ్మంటే పొయ్యేదాన్ని గద! ఎందుకు పొమ్మనలె?"

అప్పటికే ఇద్దరు మెకానిక్కులు ఏదో కొనడానికి లోపలికి వచ్చారు. ఒకాయన మెడ చాచి, "రెండు ఒక్క తీరే ఉన్నయ్ గదమ్మా. దొంగది ఏదో ఎట్ల తెలుస్తది?" అన్నాడు.

అడిగినవాళ్లకు చెప్పకపోతే నా నోరెందుకు? రెంటినీ ఆయన చేతుల్లో పెట్టాను. నాది తేలిగ్గా, బొమ్మలా ఉంది. ప్లాస్టిక్ అతుకుల దగ్గర గోరు దూరుతోంది. అసలుదాని కేబుల్ పిన్నులు గట్టిగా నిలబడ్డాయి, నాదాని పిన్ను ఒకటి వేలితో తోస్తే ఊగింది. "కానీ ఇవన్నీ నమ్మకుండ్రి. రేపు దొంగది గూడ మంచి ప్లాస్టిక్ వేస్కొని వస్తది. కొనేముందు ఇక్కడనే, మీ ఫోన్‌ల, మీ పేరు మీద నంబర్ రిజిస్టర్ చెయ్యమనుండ్రి. ఇక్కడనే నెట్‌కు కలిపి అప్‌డేట్ కొట్టమనుండ్రి. వద్దన్నడంటే సంచి సర్దుకోండ్రి."

వాళ్లు షాపాయన వైపు చూశారు. అగరుబత్తి ఇంకా సగమే కాలింది, బోణీ మాత్రం కాలేదు. "తేడా కట్టి ఒరిజినల్ తీస్కపోండ్రి మేడం" అన్నాడాయన, గొంతు తగ్గించి.

నేను మాత్రం గొంతు తగ్గించలేదు. అసలుది నా పేరు మీద రిజిస్టరయ్యేదాకా, అప్‌డేట్ పూర్తయ్యేదాకా, బయట ఆగి ఉన్న షాపాయన కారుకే తగిలించి ఓల్టేజి మీటరుతో సరిపోల్చేదాకా పర్సు తెరవలేదు. తేడాలో నా రెండు రోజుల బస్సు చార్జీలు కోసుకున్నాను. ఆయన నుదురు కొట్టుకున్నాడు. కొట్టుకోనీ.

షోరూముల్లో పనిచేసేవాళ్లు మాట్లాడుకోగా విన్నాను. రోడ్డు పక్క మెకానిక్కులు నకిలీ స్కానర్లతో బండ్లు పాడు చేస్తారట. అసలైనది పట్టుకుని అడవి దారిన ఒక్క ఏజెంటైనా మా కౌంటర్ దాకా వచ్చాడా? నకిలీవాడు మాత్రం ప్రతి ఊరికీ వస్తాడు, నవ్వుతూ వస్తాడు. ఆ షోరూమువాళ్ల మాటకు నేను తల దించుకోను. బేరమాడటం కూడా మానను. ఇప్పటికీ మొదటి బస్సుకే పోతాను. కాకపోతే ధర తగ్గిన కొద్దీ అమ్మేవాడి కాళ్లు ఎటు పోతున్నాయో చూస్తాను.

మధ్యాహ్నం దాటాక షెడ్డుకు చేరాను. డ్రైవరు బండి దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. బేరగాడు కాగితాల సంచీతో కుర్చీలో ఉన్నాడు. మరిది నా చేతిలోంచి స్కానర్ తీసుకుని తగిలించాడు. ఈసారి బండి నోరు విప్పింది. పొగ గొట్టంలో ఒత్తిడి కొలిచే సెన్సార్ దగ్గర లెక్క తప్పుతోందని చెప్పింది. మరిది కిందికి దూరాడు. సెన్సార్‌కు పోయే రబ్బరు పైపు వేడికి ఎండి, నిలువునా చీలి ఉంది. ఆ తప్పుడు లెక్కకు భయపడి ఇంజిన్ తన జోరు తగ్గించుకుంటోంది. బొటనవేలంత లావు పైపు.

"గిదా?" అన్నాడు డ్రైవరు, దాన్ని అరచేతిలో పెట్టుకుని. "దీనికోసమా బండి అమ్మేది?"

అలాంటి కొత్త పైపు నా కొట్టులోనే మేకుకు వేలాడుతోంది. తెచ్చి ఇచ్చాను. మరిది బిగించి, బండి గుర్తుపెట్టుకున్న లోపం కోడ్‌ను స్కానర్‌తో చెరిపి, షెడ్డులో ఉన్న ఇనుప సామానంతా వెనక ఎక్కించాడు. డ్రైవరు రోడ్డు చివరి ఎత్తు గడ్డ మీదికి బండిని తోలాడు. గేరు మార్చకుండా ఎక్కి, పైన తిరిగి, మా ముందుకొచ్చి ఆగాడు. ఇంజిన్ ఆపలేదు.

బేరగాడు సంచీ చంకన పెట్టుకుని లేచాడు. "ఇయ్యాల ఎక్కింది అల్లుడా. వచ్చే యేడు నా దగ్గరికే వస్తవ్ చూడు."

మూడు రోజుల్లో మొదటిసారి డ్రైవరు నవ్వాడు. "యేడాది దాకెందుకు మామా? రేపు పొద్దున కూలీలతోని ఇటే పోత. ఎక్కు. కిరాయి మాత్రం ఇయ్యాలె."