అద్దం మూలన తలకిందుల మనిషి

నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. నా అక్షరాలు వంకర, తప్పులూ ఉంటాయి, చదివేవాళ్లు మన్నించాలి. మా లైనులో చివరి క్వార్టర్ ఆయమ్మ మొన్న శనివారం ప్రభువునందు నిద్రించింది. స్త్రీల కూటంలో చదవడానికి ఆమె గురించి తలా నాలుగు మాటలు రాసి ఇమ్మని పాస్టరమ్మగారు అడిగారు. నలుగురిలో నిలబడి చెప్పమంటే నాకు గొంతు పెగలదు. అందుకే రాస్తున్నాను.

పెళ్లయి జమ్మికుంట నుంచి ఈ బొగ్గు బాయిల ఊరికి వచ్చిన కొత్తలో, మా ఇంటాయన షిఫ్టుకు వెళ్లింది మొదలు తిరిగి వచ్చేదాకా గడపలోనే కూర్చునేదాన్ని. అన్నం కూడా వండేదాన్ని కాదు. అది చూసి మొదట పలకరించింది ఆయమ్మే.

"ఏం బిడ్డా, నువ్వు గడపల కూసుంటె బాయి ఆయన్ని జల్ది ఇడుస్తదా? లే, పొయ్యి ముట్టియ్యి" అని తనే కూర్చుని బొగ్గులు ఊదింది.

ఆమె చాలా ఏళ్లు తెల్ల ఇంజనీరు దొర బంగళాలో ఆయాగా పిల్లల్ని పెంచింది. ఆ దొరసాని దగ్గర పేకముక్కల్లాంటి బొమ్మల ముక్కల కట్ట ఒకటి ఉండేదట. ఒక్కో ముక్క తీసి, సోది చెప్పినట్టు దాని అర్థం చెప్పేదట. దొరలు సీమకు వెళ్లిపోయాక బంగళా ఊడుస్తుంటే బీరువా వెనక ఒక్క ముక్క దొరికింది. ఆయమ్మ దాన్ని బైబిల్లో దాచుకుంది. "పాస్టరమ్మకు చెప్పకు" అని నవ్వింది. ఇప్పుడు చెప్పేశాను.

ఒకరోజు దాన్ని తెచ్చి మా గోడ అద్దం చట్రంలో, మూలన దోపింది. చూసి జడుసుకున్నాను. ఒక మనిషి ఒంటికాలితో కొయ్యకు తలకిందులుగా వేలాడుతున్నాడు.

"ఉరి బొమ్మ ఇంట్ల పెడ్తరా, ఆయమ్మా?"

"ఉరి ఏడున్నది? తాడు మెడకున్నదా, కాలికున్నదా? జర మంచిగ చూడు. ఏడుస్తుండా?"

ఏడవడం లేదు. మొహం నిమ్మళంగా ఉంది. తల చుట్టూ పసుపుపచ్చని వెలుగు. రెండో కాలు మడిచి, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. వేలాడే కొయ్యకు ఆకులు మొలిచాయి. ఆ మనిషిని ఎవరూ శిక్షించలేదని, తానే ఆగాడని దొరసాని చెప్పేదట.

"ఉరుకకుంట ఆగెటోని బొమ్మ గిది. నీ అసొంటిదానికే బిడ్డా."

అయినా నాకు ధైర్యం చాలలేదు. ఆమె వెళ్లగానే ముక్కను తిప్పి పెట్టేదాన్ని. అప్పుడతను ఒంటికాలి మీద చిందులేస్తున్నట్టు ఉండేవాడు. ఆయమ్మ వచ్చినప్పుడల్లా బొటనవేలితో మళ్లీ తిప్పేది. "మల్ల నిలవెట్టినవా? పాపం, ఆనికి కాలు గుంజుతది!"

ఒకనాడు షిఫ్టు వేళ కాని వేళ సైరన్ మోగింది. బాయిలో బండ కూలిందన్నారు. అద్దం వైపు చూశాను. ఆ రోజు తిప్పడం మరిచిపోయాను, అతను తలకిందులుగానే ఉన్నాడు. ముక్కను లాగి మండుతున్న పొయ్యిలో పడేశాను. పరుగెత్తి, బాయి గేటు దగ్గర గుమిగూడిన ఆడవాళ్లందరి మధ్యా అరిచాను. "ఆయమ్మ నా ఇంట్ల ఉరి బొమ్మ పెట్టింది! ఆమె చెయ్యవట్టే గిట్లయింది!" నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

సాయంత్రానికి అందరూ ప్రాణాలతో బయటికి వచ్చారు. మా ఇంటాయనకు భుజం గీసుకుపోయింది, అంతే. "ఉరికితె సచ్చేటోళ్లం. కదలొద్దని మా పని చూసే సర్దార్ అన్నడు. బండలు తీసేదాక ఊకె కూసున్నం" అన్నాడు. అన్నం పెడుతూ అద్దం మూలకు చూశాను, అక్కడ ఏమీ లేదు.

నా మాట మాత్రం ఊళ్లో ఉండిపోయింది. పొద్దున్నే ఆయమ్మ ఎదురైతే బండ పడుతుందన్నారు. అందరికంటే ముందు నల్లా దగ్గరికి వచ్చే మనిషి, మొదటి షిఫ్టువాళ్లు దాటిపోయేదాకా తలుపు తీయడం మానేసింది. ఎందుకని అడిగితే, "ముసల్దాన్ని, జరసేపు పండుకోనియ్యి బిడ్డా" అనేది. నేనన్న మాట ఆమె చెవిన పడకుండా ఉంటుందా? నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. నేనూ ఏ నల్లా దగ్గరా నోరు విప్పి, తప్పు నాదని అనలేదు.

మొన్న శుక్రవారం జావ తీసుకుని ఆమె దగ్గరికి వెళ్లాను. అప్పటికే మంచం మీద ఉంది.

"ఆ ముక్క జర తెస్తవా? ఒక్కసారి చూస్త."

"పెట్టెల పైలంగ ఉన్నది, ఆయమ్మా. రేపు తెస్త" అన్నాను.

నా మొహం వంక చాలాసేపు చూసింది. "రేపే తే. తొందరేం లేదు. ఆగుడు నాకు అలవాటే."

తెల్లవారి మొదటి షిఫ్టు సైరన్ మోగింది. వాళ్లు దాటిపోయారు. ఆ తలుపు తెరుచుకోలేదు. మామూలే కదా అని ఎవరూ తట్టలేదు. ఎండెక్కాక తట్టింది నేనే, వట్టి చేతులతో.

ఈ కాగితం వెనక బొగ్గుముక్కతో ఆ మనిషిని గీశాను. చేతులు గీయడం నాకు రాదు. అతని చేతులు వెనకే ఉంటాయి కనుక సరిపోయింది. మొహం మూడుసార్లు చెరిపి గీశాను. నిమ్మళం రాలేదు.

పాస్టరమ్మగారూ, దీన్ని నా పేరుతోనే చదవండి. ఆనాడు గేటు దగ్గర నా మాట విన్నవాళ్లందరూ వినాలి. బొమ్మ అందరికీ చూపించండి. అందరూ చూశాక, అప్పుడు ఈ కాగితాన్ని పొయ్యిలో వేయండి. వేసేటప్పుడు కూడా అతని తల కిందికే ఉండనివ్వండి. నిలబెట్టకండి.