నలభై ఎనిమిది తట్టలు

అది బుధవారం, పొద్దున పదకొండు దాటి పది నిమిషాలు. గడియారం చూడటం అప్పటికి నాకు వచ్చు కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. 2006లో, వానలు మొదలైన రోజులు. ఇప్పటికీ మా కోడలు సాంబారు పొయ్యి మీద మరిచిపోయి అడుగంటించిందంటే, ఆ మాడు వాసనకు నేను చేతిలో గరిటెతో మళ్లీ ఆ బడి గుమ్మంలో నిలబడతాను. తిడతానేమోనని కోడలు బిక్కచచ్చి చూస్తుంది. నేను తిట్టను. ఒకసారి అదే వాసన మధ్య నా నోటి దురుసు ఎవరి మెడకు చుట్టుకుందో ఆమెకు తెలియదు.

మాది కర్ణాటకలో బాగేపల్లి పక్కన పల్లె. బడిలో వంట నాది. పిల్లలు నలభై ఎనిమిది మంది. అంతకు ముందు ఏడాది మూడో తరగతికి కస్తూరి టీచరు వచ్చింది. ఉత్తరాన గదగ వైపు మనిషి, తెలుగు ముక్క రాదు. మా పిల్లలేమో ఇంట్లో తెలుగు తప్ప వినలేదు. పుస్తకాలన్నీ కన్నడం. ఆమె పాఠం చెబుతుంటే పిల్లలు ఆమె నోటి వైపు చూస్తూ కూర్చునేవాళ్లు, పాట వినిపించే పెట్టెను చూసినట్టు. మూడో రోజు ఆమె నేరుగా వంటింట్లోకి వచ్చి కట్టెల మోపు మీద కూర్చుని, తెలుగు నేర్పమని కన్నడంలో అడిగింది. నాకు నవ్వొచ్చింది. "ఏలిముద్ర దాన్ని టీచరమ్మా, నేను నీకు నేర్పేదేంది?" అని వచ్చీరాని కన్నడంలో అన్నాను. "నువ్వు నీ మాటలివ్వు, నేను అక్షరాలిస్తాను" అంది. అప్పటికి నాకు యాభై ఐదు దాటాయి. బొగ్గుతో వంటింటి గోడ మీద దిద్దుకున్నాను. ముందు కన్నడ అక్షరాలు. అవి వచ్చాక తెలుగువి హిందూపురం బస్సుల బోర్డులు చూసి పట్టుకున్నాను.

నా దగ్గర నేర్చుకుంది కదా, ఆమె తెలుగు అచ్చం నా తెలుగే. తిట్లతో సహా. "ఏందిరా నాయనా, గుడ్లప్పగించి చూస్తాండారు?" అని ఆమె కసిరితే పిల్లలు నా వైపు తిరిగి నవ్వేవాళ్లు. ఆమె పద్ధతి ఒకటే. ప్రతి పాఠం ముందు ఎనిమిది రోజులు ఇంటి మాటలో, చేతికందే వస్తువుతో. అది తలకెక్కాక అదే పాఠం ఎనిమిది రోజులు కన్నడంలో. భాగహారం మా వంటింటి వసారాలోనే జరిగింది. భోజనానికి తట్టలు, అంటే కంచాలు, పరిచేది మూడో తరగతి పిల్లలే. ఇన్ని తట్టలు, ఇన్ని వరసలు, వరసకు ఎన్ని? లెక్క తప్పితే ఎవడో ఒకడు తట్ట లేకుండా నిలబడాలి. ఆకలి మీదున్న పిల్లలు ఎన్నిసార్లు తప్పుతారు?

ఇది గంగిరెడ్డికి నచ్చలేదు. ఊళ్లో భూములున్న మనిషి, కొడుకు చంద్ర మూడో తరగతే. ఒక రోజు బడి ముంగిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"తెలుగు మా ఇంట్లో లేదా టీచరమ్మా? దానికోసరం బడికి పంపల్లా? రేపు తాలూకాఫీసులో మావాడు ఏ బాసలో మాట్లాడల్ల?"

"కన్నడలోనే అప్పా. నేర్పిస్తా. రోంత ఓర్చుకో."

"నేను ఓర్చుకుంటా. పిల్లోని వయసు ఓర్చుకుంటాదా?"

అతనిది తప్పని ఈ రోజుకూ అనలేను. ఆఫీసుల్లో మాట తడబడి తలవంచుకుని వచ్చినవాళ్లం అందరమూ. కానీ అతను అర్జీ పెట్టాడు. చిక్కబళ్ళాపురం నుంచి అధికారి వస్తాడనీ, పిల్లలు కన్నడంలో లెక్క చెప్పలేకపోతే టీచరును ఎత్తేస్తారనీ కబురొచ్చింది. భాగహారం ఇంటి మాటలో అధికారి వచ్చిన బుధవారానికి ముందు రోజే ముగిసింది. కన్నడంలో ఇంకా మొదలే కాలేదు. "ఇంకో ఎనిమిది దినాలు దొరికింటే సాలు" అంది కస్తూరి టీచరు ఆ పొద్దున. తర్వాత నా చేయి పట్టుకుంది. "ఏమైనా సరే, నువ్వు మాత్రం నోరు తెరవద్దు నరసమ్మా."

సాంబారు పొయ్యి మీదే వదిలి నేను గుమ్మంలో నిలబడ్డాను. అధికారి కుర్చీలో కూర్చుని కన్నడంలో అడిగాడు: నలభై ఎనిమిది పండ్లు ఆరుగురికి సమంగా పంచితే తలా ఎన్ని? మళ్లీ అడిగాడు. నా మనవరాలు లక్ష్మి లంగా అంచు నలుపుకుంటూ కూర్చుంది. చంద్ర తల వంచుకున్నాడు. అధికారి కలం మూత తీశాడు. ఆ కలం కాగితం మీదికి దిగుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. నిన్న అన్నం ముందు గడగడా చెప్పిన పిల్లలు మొద్దులెట్లా అవుతారు?

"ఒరేయ్! నలభై ఎనిమిది తట్టలు, ఆరు వరసలు! వరసకు ఎన్నిరా?"

"ఎనిమిది!" గది అదిరింది. అందరికంటే పెద్ద గొంతు చంద్రదే.

అధికారి నా వైపు తిరిగాడు. "ఈ బడిలో పాఠం చెప్పేది ఎవరు?" అన్నాడు కన్నడంలో. టీచరు ఒక్క మాటతో తప్పించుకోవచ్చు, వంటామె పిచ్చిది అంటే చాలు. ఆమె లేచి నిలబడింది. "నేనే సార్. తెలుగులోనే చెప్పినా. ఈమె దగ్గరే నేర్చుకున్నా" అని తెలుగులోనే అంది. ఆయన చాలాసేపు రాశాడు. రాస్తూ రాస్తూ ముక్కు ఎగబీల్చి, తల ఎత్తకుండానే, "అమ్మా, సాంబారు మాడతాండాది, పోయి చూడు" అన్నాడు.

మా యాసే. మా పక్క తాలూకా గుడిబండె మనిషట.

రాయాల్సింది మాత్రం రాశాడు. పదిహేను రోజుల్లో ఆమెను మురుగమల్ల దగ్గర పల్లెకు మార్చారు. కొత్తగా వచ్చినవాళ్లు కన్నడంలోనే చెప్పారు. దసరాకు ముందే మూడో తరగతిలో ఇద్దరు బడి మానేశారు. ఆ ఇద్దరి ఇంటి ముందు నుంచి పోవాల్సి వస్తే నేను చుట్టుదారి పట్టేదాన్ని.

ఏడాది ఓర్చుకుని, చింతామణిలో బస్సు మారి ఆమెను చూడటానికి పోయాను. కాళ్లు పట్టుకుందామనే పోయాను. బడి గేటు దగ్గరే నా గొంతు నాకే వినిపించింది: "ఏందిరా నాయనా, గుడ్లప్పగించి చూస్తాండారు?" వసారాలో పిల్లలు తట్టలు పరుస్తున్నారు. నన్ను చూసి ఆమె నవ్వింది. నేను మొదలుపెట్టిన క్షమాపణను సగంలోనే తుంచేసింది. "ఆ కాగితంలో నా పేరొక్కటే ఉండాది నరసమ్మా. ఆ పొద్దు లెక్క చెప్పినోళ్ల పేర్లు యాడా లేవు. నీకు అక్షరాలు ఎందుకు నేర్పినా? రాయి."

ఇన్నేళ్లకు రాస్తున్నాను. ఆ బుధవారం ఆ గదిలో ఉన్నవాళ్లు: కస్తూరి టీచరు. పేరు అడగడానికి నాకు ధైర్యం చాలని గుడిబండె అధికారి. పిల్లల్లో లక్ష్మి, గంగిరెడ్డి కొడుకు చంద్ర, నూర్‌జాన్, మంజుల, ఈరన్న, పెద్ద అశ్వత్థ, చిన్న అశ్వత్థ, ఆ తర్వాత బడి మానేసిన ఇద్దరు, రత్న, ఆమె తమ్ముడు శీన. గుమ్మంలో గరిటెతో నేను, నరసమ్మ.