ఐసు గూట్లో బావ తెచ్చిన కూర

మా అక్క ఇంట్లో ఏడాదిపాటు ఎవరూ చల్లని నీళ్ళు అడగలేదు. మహబూబాబాద్ ఎండల్లో, ఇంట్లో ఫ్రిజ్ పెట్టుకుని, అందరూ కుండలో నీళ్ళే తాగారు. అడిగితే అక్క ఫ్రిజ్ తలుపు తీయాలి. తీస్తే పైన ఐసు గూట్లో ఉన్నది కనిపిస్తుంది. అది చూడాలని ఎవరికీ లేదు.

గూట్లో ఉన్నది యాట మాంసం, మేకది. మా వైపు కూర అంటే మాంసమే, వంకాయనో బెండకాయనో కూర అనము. ఆ కూర మా బావ తెచ్చింది.

మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. బావది అక్కడ మిర్చి వ్యాపారం. ఎనభైల మొదట్లో హైదరాబాదు నుంచి ఆ ఫ్రిజ్‌ను రైల్లో తెప్పించాడు. వాడకట్టు వాడకట్టంతా వచ్చి తలుపు తీసి, చెయ్యి లోపల పెట్టి, చల్లగా తగలగానే కెవ్వుమని నవ్వి వెళ్ళారు. నేను జనగామ నుంచి చూడటానికి వెళ్ళి, "బావా, ఐస్‌ఫ్రూట్ బండి పెడ్తున్నవా ఏంది?" అన్నాను. "పెడ్త. గంట కొట్టనీకె నిన్ను పెట్టుకుంట" అన్నాడు. మరదలి నోటికి తాళం వేయగల మనిషి ఆయనొక్కడే. అరవై తొమ్మిదిలో చదువుకునే రోజుల్లో జనగామలో తెలంగాణ ఊరేగింపుకు వెళ్ళి లాఠీ దెబ్బ తిన్నాడు. కుడిచేతి ఉంగరం వేలు ముడుచుకుపోయి మళ్ళీ చాపలేకపోయాడు. అన్నం కలుపుతుంటే ఆ వేలు ఒక్కటే పక్కకు తిరిగి ఊరికే కూర్చునేది. "ఇది ఇంక సమ్మెలనే ఉన్నది" అని నవ్వేవాడు.

ఒక ఆదివారం పొద్దున కూర తెచ్చాడు. మొగుళ్ళపల్లిలో వాళ్ళకు కొంత భూమి ఉంది, కౌలుదారు కబురు పెడితే ఆ పూటే వెళ్ళాల్సి వచ్చింది. కూరను ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఐసు గూట్లో పెట్టాడు. గూడు మూత పడలేదు. చేతివేళ్ళతో గట్టిగా లోపలికి నొక్కి, మూత వేసి, చెప్పులు తొడుక్కుంటూ, "మాపటికొస్త. నేను లేనిది వండకు" అన్నాడు.

ఆ మధ్యాహ్నం చేను గట్టు మీద ఛాతీ పట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. దవాఖానకు తీసుకుపోయేలోపే అంతా అయిపోయింది. మొగుళ్ళపల్లి నుంచి జీపులో తెచ్చి అరుగు మీద దించారు. 

మా వైపు మూడో రోజు పిట్టకు పెడతారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, ఊరి బయట విస్తట్లో పెట్టి, దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముడితే పోయిన మనిషి తృప్తిపడ్డట్టు. అది ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినకూడదు. బావకు కొత్తగా యాటకూర తెచ్చి వండారు, కల్లు పెట్టారు, ఆయన తాగే సిగరెట్టు వెలిగించి విస్తరి అంచున పెట్టారు. తుమ్మచెట్టు నిండా కాకులున్నాయి. ఒక్కటీ కిందికి దిగలేదు. అరవనూ లేదు. సిగరెట్టు దానంతటదే చివరిదాకా కాలి బూడిద నిలబడే ఉంది.

"నీ భార్యను మేం చూసుకుంటం, ఫికర్ చెయ్యకు" అని పాలివాళ్ళు, దాయాదులంతా, ఒకరి తరవాత ఒకరు మాటిచ్చారు. "నీ అవ్వను మంచిగ అర్సుకుంటం" అని వాళ్ళమ్మ గురించీ అన్నారు. కాకులు వింటున్నట్టే తలలు వంచి చూశాయి తప్ప దిగలేదు. ఎండ నెత్తిమీదికి వచ్చాక ఎవరిదో ఆవు వచ్చి అన్నం తిన్నది. ఆవు ముట్టినా సరేనని పెద్దలు తీర్మానించి కాళ్ళు కడుక్కున్నారు. ఎవరి మొహంలోనూ నమ్మకం లేదు. అందరికీ ఆకలిగా ఉంది, అంతే.

ఇంటికొచ్చాక అక్క నా చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి తీసుకుపోయింది.

"చెల్లె, ఆయన కూర ఈడ ఉన్నది. ఆడ వేరే కూర పెడితె ఎట్ల ముడ్తడు?"

ఆ మాటలో ఎక్కడా తప్పు దొరకకపోవడం వల్ల నాకు భయమేసింది. ఏడాది దినానికి అదే కూర వండి పెడతానని అక్క ఆ రోజే నిర్ణయించుకుంది. అప్పటిదాకా తను కూర ముట్టనంది.

సెలవులు దొరికినప్పుడల్లా నేను జనగామలో రైలెక్కి, కాజీపేటలో మారి మానుకోట వెళ్ళేదాన్ని. వెళ్ళిన ప్రతిసారీ గూట్లో ఐసు పెరిగి ఉండేది. ఫ్రిజ్‌ను అప్పుడప్పుడు ఆపి ఐసు కరగనివ్వాలట. అక్క ఆపనివ్వలేదు. మంచు గూడు మూతను బయటికి తోసి, అంచులు దాటి, కింది అరలోకి గడ్డంలా దిగింది. సంచి మూల మాత్రం కొంచెం నీలంగా కనిపించేది. తరవాత అదీ కనిపించలేదు.

ఎండాకాలం కరెంటు పోతే అక్క గోనెసంచులు తడిపి ఫ్రిజ్ చుట్టూ కప్పేది. అయినా కింది పళ్ళెంలోకి నీళ్ళు బొట్లు బొట్లుగా పడేవి, లేత ఎరుపు రంగులో. అక్క కొంగుతో తుడిచేది. ఒకసారి నేను వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని ఉంది. ఎట్లున్నవక్కా అని అడిగితే, "నిన్న పొద్దంత కరెంటు లేదే. మస్తు పరేషాన్ అయిండు" అంది.

ఎవరు అని నేను అడగలేదు. లోపల ఫ్రిజ్ గుర్రుమని మొదలైంది. అక్క అటు తిరిగి, పిలిస్తే పలికినట్టు, "ఆఁ" అంది.

అక్కకు పిల్లలు లేరు. ఇంట్లో తనూ, అత్తగారూ ఇద్దరే. ఆ ముసలామె కొడుకు పోయిన రోజు నుంచి మాట్లాడటం దాదాపు మానేసింది. మంచంలో కూర్చుని ఆ ఫ్రిజ్ వంకే చూసేది.

ఏడాది దినం దగ్గరపడ్డాక నాకు నిద్ర పట్టలేదు. ఏడాది ఐసులో ఉన్న కూర తినొచ్చా? ఎవరిని అడగాలి? మా తాతముత్తాతలెవరూ ఐసులో పెట్టి తిన్నవాళ్ళు కాదు. అమ్మను అడిగితే ఒరుగుల సంగతి చెప్పింది. ఉప్పూ పసుపూ పట్టించి, తీగ మీద ఎండేసిన కూర ఎండాకాలం నుంచి మళ్ళీ ఎండాకాలం దాకా ఉంటుందట. "గని గది ఎండ బిడ్డా. ఎండ ఉన్నదంత పీల్చేస్తది. ఐసు ఏం చెయ్యదు, దాచిపెడ్తది. లోపల ఏం దాచిపెట్టిందో ఎట్ల తెలుస్తది?" అంది. కూర కొట్టు ఆయన నన్ను ఎగాదిగా చూసి, "కోసినంక కూరకు ఒక్కటే రోజమ్మ. నీ పెట్టెల ఏమైతదో నాకేమెరుక" అన్నాడు. మందులిచ్చే డాక్టరు తినకుంటేనే మంచిదన్నాడు. తింటే ఏమవుతుందంటే, "ఏం గాకపోవచ్చు, పానమే పోవచ్చు" అన్నాడు. అటూ ఇటూ చెడకుండా చెప్పడంలో ఆయన్ను మించినవాళ్ళు లేరు.

ముందు రోజు మానుకోట చేరి అక్కనే అడిగాను.

"ఎవరు తినాలె అది?"

"ముందుగాల ఆయన. ఆయన ముట్టినంక నేను."

"కరెంటు పోయినప్పుడల్ల కరిగింది, మల్ల గడ్డ కట్టింది. నీకేమన్న అయితె?"

అక్క శాంతంగా నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "ఏమైతదే? ఆయన ఉన్న కాడికి పోత" అంది.

అప్పుడు తెలిసింది నాకు. ఏడాదిగా అక్క దాస్తున్నది కూరను కాదు, దారిని. కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది. ఆ పెట్టెను గుంజి బయట పారేస్తానన్నాను. "పారెయ్. నేను నీ మొకం చూడ" అంది. అక్క అన్న మాట మీద నిలబడే రకం. నేను ఇంక ఆ పెట్టె జోలికి పోలేదు.

తెల్లవారాక అక్క స్విచ్చి ఆపింది. ఏడాదిగా ఎవరూ ఆపని ఆ చప్పుడు ఆగేసరికి ఇంట్లో ఎవరో ఊపిరి బిగబట్టినట్టయింది. కాగిన నీళ్ళు పోసి, కత్తితో చుట్టూ చెక్కి, ముద్దను బయటికి తీశాం. సంచి పై పొరను అక్క గోళ్ళతో ఒలిచింది.

ముద్ద ముందు వైపున గుంటలున్నాయి. మూడు పొడుగ్గా, లోతుగా. ఒకటి పక్కకు, గుండ్రంగా, ముడుచుకున్న వేలి కణుపు అచ్చు.

అక్క ఆశ్చర్యపడలేదు. తన వేళ్ళు ఒక్కొక్కటే ఆ గుంటల్లో పెట్టింది. వేళ్ళు చలికి తెల్లబడుతున్నా తీయలేదు. "చూసినవా" అంది నాతో, చాలా మెల్లగా. మంచంలోంచి అత్తగారు కూడా చూసింది.

ముద్దను పళ్ళెంలో పెట్టి అరుగు మీద ఉంచాం. అక్క పక్కనే కూర్చుంది. ఎండ పాకేకొద్దీ గుంటల అంచులు మెత్తబడ్డాయి. ముందు కణుపు అచ్చు పోయింది. తరవాత మిగతా మూడూ నీళ్ళు నిండి, పూడి, ఒకటే చదునైపోయాయి. బావ రెండోసారి పోవడం నా కళ్ళతో చూశాననిపించింది.

కరిగాక కూర అంచులు తెల్లగా, పాత చెప్పు అట్టలా ఉన్నాయి. నేను వంగి వాసన చూశాను. కంపు కొడితే బాగుండును, వాదన అక్కడితో తెగేది. ఏ వాసనా లేదు. మంచి వాసన లేదు, చెడ్డ వాసన లేదు. ముక్కు ముందు ఏమీ లేనట్టే ఉంది. నా జీవితంలో అంత భయపెట్టిన వాసన ఇంకోటి లేదు. పొయ్యి మీద అల్లం, ఎల్లిపాయ, మిరప్పొడి వేసి ఎంతసేపు ఉడికించినా వాటి వాసనే పైన తేలింది, కింద నుంచి ఏమీ రాలేదు. పోయినవాళ్ళకు పెట్టేది ముందుగా రుచి చూడకూడదు కనుక ఎవరూ నాలుక మీద వేసుకోలేదు.

దినానికి వచ్చినవాళ్ళకు తాజా కూర వేరే గంజులో వండారు. బావ కూర మాత్రం విస్తట్లో పెట్టి ఊరి బయట అదే చోటికి తీసుకుపోయాం. విస్తరి కింద పెట్టి ఇంకా వెనక్కి జరగనే లేదు, ఒక కాకి దిగింది. ఒక్కటే. అన్నం వంక చూడలేదు, గారెలు చూడలేదు. సరాసరి కూర ముక్క ముక్కున కరుచుకుని, తల పక్కకు తిప్పి మమ్మల్నందరినీ ఒకసారి చూసి, మింగింది.

"ముట్టిండు! ముట్టిండు!" అన్నారందరూ. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అక్క రెండు చేతులూ జోడించి నిలబడిపోయింది. నాకు మాత్రం ఆ కాకిని రాయి పెట్టి కొట్టాలనిపించింది. చచ్చిన ఎలుకను వదలని పిట్ట, అది మా అక్కకు సరే అని చెప్పేదా!

ఇంటికొచ్చాక అందరూ తాజా కూర గంజు చుట్టే కూర్చున్నారు. రెండో గంజు వంక ఎవరూ చూడలేదు. అక్క స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, నడవలో విడిగా పీట వేసుకుంది. కంచంలో అన్నం పెట్టుకుని, దాని మీద ఆ కూర నాలుగు ముక్కలు వేసుకుంది. నేను వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. నెమ్మదిగా విడిపించుకుంది. ఆమె మొహంలో ఊరెళ్ళే ముందు ఉండే తొందర ఉంది.

అప్పుడు అత్తగారు మంచం దిగింది. గోడ పట్టుకుంటూ వచ్చి అక్కకు ఎదురుగా కింద చతికిలబడి కంచాన్ని తన వైపు గుంజుకుంది.

"నా కొడుకు తెచ్చిన కూర. నన్నిడిసిపెట్టి నువ్వొక్కదానివె తింటవా?"

"అత్తమ్మా, నీకొద్దు. నీకు పడది."

"నీకు పడ్తదా?" అంది ముసలామె. అన్నం కలపడం మొదలుపెట్టింది. "పోవాలెనని నీకొక్కదానికే ఉన్నదనుకున్నవా బిడ్డా? కన్నదాన్ని. నాకు ఎంత ఉండాలె?"

ముద్ద చేసి పైకెత్తింది. నోటి దాకా వచ్చింది. అక్క రెండు చేతులతో ఆ మణికట్టు పట్టుకుంది.

"వద్దత్తమ్మా! ఖరాబైంది."

"కాకి తిన్నది గద."

"తింటె తిననియ్. అది ఖరాబైందత్తమ్మా. ఎప్పుడో ఖరాబైంది. ఆయన పోయిన్నాడే ఖరాబైంది."

ఆ మాట పూర్తవుతూనే అక్క ఏడ్చింది. జీపులోంచి దించిన రోజు కూడా అట్లా ఏడవలేదు. ముసలామె వేళ్ళ మధ్య ముద్దను ఒక్కో మెతుకే విడదీసి కంచంలోకి రాల్చి, ఆ చెయ్యి కడిగి, కోడలి తల ఒళ్ళోకి తీసుకుంది. గంజును నేనే పెరట్లో పూడ్చాను. సాయంత్రానికి అక్క తాజా కూరలో అన్నం కలిపి అత్తగారికి తినిపించి, తనూ తిన్నది.

మా అక్కను ఆపడానికి ఆ ముసలామె అట్లా చేసిందని చుట్టాలు ఇప్పటికీ మెచ్చుకుంటారు. నేను పక్కనే నిలబడ్డాను. ముద్ద నోటి దగ్గరికి వచ్చినప్పుడు ఆమె చెయ్యి వణకలేదు. అక్క పట్టుకోకపోతే ఆమె తినేసేదే.