ముందు బీడీలు, తర్వాత ఖబర్

మా మేనేజర్ సాబ్ పోయారన్న కబురు పొద్దున్నే ఆయన కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. "అక్కా, అబ్బా పోయిండు. తెల్లారి ఫజర్ నమాజుకు లేపుదామని పోతే లేవలే. నిద్రలనే పోయిండు."

నేనప్పుడే కోరుట్లలో మా బీడీ కార్ఖానా తాళం తీస్తున్నాను. గడప మీదే కూలబడ్డాను. ఏడుపొచ్చింది. దాంతోపాటే, ఇలా చెప్పుకోవడం తప్పో ఒప్పో గానీ, గుండె కాస్త తేలికపడింది కూడా. డయాలసిస్ కోసం జగిత్యాలకు తిరిగి తిరిగి అలిసిపోయిన మనిషి, సూదులూ గొట్టాలూ లేకుండా సొంత మంచం మీద కన్ను మూశారు. తేల్చాల్సిన పని ఒకటి ఉంటే అదీ తేల్చుకునే వెళ్లారు. ఆ పని గురించి నాలుగు మాటలు చెప్పాలి.

ఆయన చేసిన ఉద్యోగాన్ని ఇప్పుడు హెచ్‌ఆర్ అంటున్నారు. ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీలో కూర్చున్న నా పేరు కింద ఆ మాటే రాసి ఉంటుంది. ఆయన దాన్ని చూసినప్పుడల్లా నవ్వేవారు. "మనుషుల మంచిచెడ్డ అర్సుకునుడుకు గింత పొడుగు ఇంగ్లీషు దేనికి బేటీ?" అని. నేను ఎంబీఏ చదివిన రెండేళ్లూ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

మల్లాపూర్, సారంగాపూర్ వైపు ఊళ్ల ఆడవాళ్లు ఇంటి దగ్గర చుట్టిన బీడీలను కట్టలు కట్టి ఆటోల్లో మా దగ్గరికి తెస్తారు. బల్ల మీద పోస్తే మా వాళ్లు చూసి, బాగున్నవి తీసుకుని, మళ్లీ చుట్టడానికి తునికాకూ తంబాకూ ఇచ్చి పంపుతారు. మా అమ్మా వాళ్లలో ఒకతె. సాబ్ ఆ బల్ల చివర నిలబడి, ప్రతి మనిషి కట్టనూ ఒకసారి బొటనవేలితో నొక్కి చూసేవారు. బీడీ కంటే మనిషిని చూడ్డానికే అలా చేస్తారని నాకు చాలా రోజులు తెలియలేదు. "ఏమ్మా, కట్ట వదులుగున్నది. ఇంట్ల ఎవలికి పానం బాగలేదు?" అని అడిగేవారు. ఎవరికో ఒకరికి నిజంగానే బాగుండేది కాదు.

ఆయన పెట్టిన నియమం ఒకటి మా కార్ఖానాలో ఇప్పటికీ నడుస్తోంది. ఎంత పెద్ద వార్త వచ్చినా ముందు బీడీలు, తర్వాత ఖబర్. దానికో కథ ఉంది. బీడీ కట్టల మీద క్యాన్సర్ హెచ్చరిక బొమ్మ పెద్దది చేయాలని ఢిల్లీలో వాదులాడుకుంటున్న రోజుల్లో, బల్ల దగ్గర ఎవరో "కార్ఖాన బందయితదట" అని కేకేశారు. అంతే, చాటలు జారాయి, కట్టలు తెగాయి, ఎవరి బీడీలు ఎవరివో తెలియక పొద్దుగూకేదాకా నేల మీద ఏరుకున్నారు. "నావి సన్నగ ఉంటయి", "అవి నావి" అని ఒకటే కొట్లాట. కార్ఖానా బందు కాలేదు. ఆనాటి కష్టం మాత్రం మట్టిలో కలిసింది. మర్నాటి నుంచే ఆ నియమం.

ఖబర్ చెప్పే వేళ వచ్చాక కూడా ఆయన మొదట అడిగేది ఒకటే. "ఢిల్లీదా, హైదరాబాదుదా, సేటుదా?" ఆడవాళ్లకు ఆయన ఇచ్చిన చదువంతా ఆ మూడు మాటల్లోనే ఉంది.

"ఢిల్లీ ఖబర్‌కు గాబర పడకుండ్రి. అది హైదరాబాదుల దిగాలె, ఆడ బండి మారాలె, గప్పుడు కోరుట్లకస్తది. నడుమల ఎలక్షన్లస్తే అక్కన్నే పంటది. సేటు ఖబర్‌కు భయపడుండ్రి. అది మెట్లు దిగితే చాలు."

సేటు, అంటే మా యజమాని, ఇల్లూ ఆఫీసు గదీ కార్ఖానా మేడ మీదే. ఈ మాట ఆయనకు వినబడేలాగే అనేవారు. వినబడినా సేటు ఏమీ అనేవారు కాదు. సేటు నిక్కర్లు వేసుకున్న నాటి నుంచీ సాబ్ ఆయన్ను ఎరుగుదురు.

మొన్నామధ్య కొత్త కార్మిక చట్టాల గొడవ మొదలైంది. ఢిల్లీ వాళ్లు అమల్లోకి తెచ్చామన్నారు. రాష్ట్రం నిబంధనలు ఇంకా తేలలేదన్నారు. రాత్రయితే టీవీలో ఒకరు యజమానులు మునుగుతారంటారు, ఇంకొకరు కార్మికులు మునుగుతారంటారు. ఎవరు మునిగినా గట్టు మీద నిలబడి చెప్పాల్సింది మాలాంటి వాళ్లమే. ఒకరోజు సేటు నన్ను పైకి పిలిచి, "ఊళ్లల్ల కమీషన్‌దార్ల కిందికి అందర్ని మార్చెయ్యమ్మా. లెక్క తేలేలోపల మన పేరు మీద ఎవ్వరు ఉండొద్దు" అన్నారు.

కమీషన్‌దారంటే ఊళ్లో ఆకు పంచి బీడీలు పోగుచేసే మధ్యమనిషి. అతని కిందికి వెళ్తే మా కార్ఖానాలో పీఎఫ్ ఆగిపోతుంది. రాష్ట్రం ఇచ్చే బీడీ పింఛనుకు ఆ పీఎఫే ఆధారం. అంటే ముప్పై నలభై ఏళ్లు వేళ్లు అరగదీసుకున్న వాళ్లకు ముసలితనంలో మిగిలే ఒక్క ఆసరా పోతుంది. అందులో మా అమ్మది కూడా. ఈ మాట వాళ్లకు నా నోటితో చెప్పాలి.

సాయంత్రం సాబ్ ఇంటికి వెళ్లాను. ఏదో చేయమని కాదు, ఎవరితోనైనా చెప్పుకోకపోతే అన్నం దిగేలా లేదు. ఆయన గోడకు ఆనుకుని అంతా విన్నారు. "ఇది ఢిల్లీ ఖబర్ కాదు బేటీ. మెట్ల ఖబర్" అన్నారు.

మర్నాడు ఆటో దిగి వచ్చారు. ఊపిరి అందక మెట్టుకో చోట ఆగుతూ మేడ ఎక్కారు. నేను వెనకాలే కుర్చీ పట్టుకుని నడిచాను. సేటు గాబరాగా లేచి నిలబడ్డారు. "మీరెందుకచ్చిండ్రు సాబ్, ఫోన్ చేస్తే నేనే అస్తుంటి గద."

"ఫోన్ల అయితే నువ్వు సరే సరే అని పెట్టేస్తవు."

సేటు బాధా తక్కువది కాదు. "ఢిల్లోళ్లది తేలింది, హైదరాబాదోళ్లది తేలలే. నా మీద ఎంత బరువు పడ్తదో నాకే తెల్వది. తెల్వని బరువు నెత్తికెత్తుకోమంటరా?"

"ఎత్తుకోమంటలే. ఉన్నదాన్ని దించకు అంటున్న. చట్టం ఎటు తేలినా బీడీ చుట్టే చేతులు కావాలె గద? ఇప్పటి ఆడపిల్లలు ఎవలన్న నేర్చుకుంటున్నరా? సిరిసిల్లల కుట్టుమిషన్ల కాడికి పోతున్నరు. గీ చేతులను కమీషన్‌దారుకు ఇస్తే, వాడు నాలుగు పైసలు ఎక్కువిచ్చేటోని దిక్కు తిప్పుతడు. రేపు లెక్క నీకే నయంగ తేలుతది అనుకో. నీ లేబుల్ దేనికి అంటిస్తవు?"

సేటు కిటికీలోంచి కిందికి చూశారు. కింద ఆడవాళ్లు బల్ల చుట్టూ మూగి ఉన్నారు. "సరే సాబ్. రూల్స్ అచ్చేదాకా ఎవల్నీ కదిలియ్య."

"అచ్చినంక?"

సేటుకు నవ్వాగలేదు. "అచ్చినంక గుడ కదిలియ్య. ఇగ ఛాయ్ తాగుతరా?"

"తాగుత. ముందుగాల నువ్వు కిందికి పోయి గా మాట నీ నోటితోని చెప్పు. బీడీలు చూసుడు అయినంకనే."

ఆ రోజు సేటు మెట్లు దిగుతుంటే అప్పటికే గుసగుసలు విన్న ఆడవాళ్ల ముఖాలు పాలిపోయాయి. విన్నాక మల్లాపూర్ లచ్చవ్వ, మా అందరిలోకీ పెద్దది, ఎవరికీ బెదరనిది, కొంగు దులుపుకుని "గీ ముక్క చెప్పుడుకు గంత మెల్లగ దిగుతరా అయ్యా, పానం పోయింది" అంది. నవ్వులే నవ్వులు. మా అమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు అన్నం దిగింది. తిరిగి ఆటో ఎక్కిస్తుంటే సాబ్ నా తల మీద చేయి వేసి, "ఇగ నాకు మంచిగ నిద్ర పడ్తది" అన్నారు. కార్ఖానాకు ఆయన రావడం అదే ఆఖరు.

ఈ పొద్దున ఫోన్ పట్టుకుని గడప మీద కూర్చునే ఉన్నాను. సేటు పైనుంచి ఫోన్ చేసి ఇవాళ బంద్ పెడదామన్నారు. అప్పటికే ఆటోలు వచ్చి ఆగుతున్నాయి. వద్దన్నాను. కళ్లు తుడుచుకుని బల్ల దగ్గర నిలబడ్డాను. కట్టలు చూశాం, ఆకు తూచాం, తంబాకు ఇచ్చాం. నా ముఖం ఎలా ఉందో గానీ ఎవరూ ఏమీ అడగలేదు. ఆ బల్ల దగ్గర అడగరు.

అంతా అయ్యాక లచ్చవ్వ ఖాళీ చాట చంకన పెట్టుకుని నా ఎదురుగా నిలబడింది. "ఇగ చెప్పు బిడ్డా. ఢిల్లీదా, హైదరాబాదుదా?"

"సాబ్ ఇంటిది అవ్వా" అన్నాను. మళ్లీ కళ్లు తుడుచుకున్నాను.

ఆమె చాట దించి కింద పెట్టింది. "గిది మాత్రం యాడా బండి మారకుంట అచ్చింది" అంది మెల్లగా.

ఆకు సంచులు గోడ వారకు పెట్టి, ఒక్కొక్కరే సాబ్ ఇంటి దారి పట్టారు. అప్పుడు మేడ మెట్ల మీద అడుగుల చప్పుడైంది. సేటు దిగుతున్నారు. ఏళ్ల అలవాటు, వాకిట్లో ఉన్న వాళ్లంతా ఉన్నచోటే ఆగి పైకి చూశారు. ఈసారి ఆయన ఏ ఖబరూ తేలేదు. దిగి వచ్చి, వాళ్ల వెనకాల చివరి మనిషిగా నడిచారు.