టీచరమ్మ మొక్కిన శిష్యుడు: యాంగోన్‌లో మా పదో తరగతి

లక్ష్మి వీడియో కాల్ చేసినప్పుడు నేను విశాఖలో మా డాబా మీద గుమ్మడి వడియాలు పెడుతున్నాను. చేతికి పిండి ఉందన్నా ఊరుకోలేదు. "సత్తెవతీ, ఈ డిసెంబర్‌కి వచ్చీయే. సయామకి మోకాళ్లు పోయినాయి. వచ్చే ఏడు ఎలాగుంటాదో ఏటో. ఇంకో మాట చెప్పనా? అప్పన్న వస్తానన్నాడు," అంది. సయామ అంటే బర్మా భాషలో టీచరమ్మ. మా పదో తరగతి టీచరు డౌ మ్య గారిని మేమందరం ఇప్పటికీ అలాగే పిలుస్తాం. టీచరమ్మను చూడాలని నాకెప్పుడూ ఉండేది. అప్పన్న పేరు వినేసరికి వడియాల గుడ్డ అక్కడే వదిలేసి కిందికి దిగి పాస్‌పోర్టు వెతుక్కున్నాను.

నేను పుట్టింది యాంగోన్‌లో. మా తాత శ్రీకాకుళం నుంచి వచ్చి అహ్లోన్ రేవులో బియ్యం బస్తాలు మోశాడు. నాన్న మింగళ తౌంగ్‌న్యున్‌ పేటలో చిన్న దర్జీ కొట్టు పెట్టుకున్నాడు. నేను పదో తరగతి పాసైన ఏడాదే మా కుటుంబం విశాఖ వచ్చేసింది. లక్ష్మి అక్కడే ఉండిపోయింది. అప్పన్న మా ఇద్దరి వెనక బెంచీ. వాళ్ల నాన్న తెలుగువాడు, బియ్యం మిల్లు కూలీ. అమ్మ బర్మా మనిషి, వాడి చిన్నప్పుడే పోయింది. వాడు బడికి అన్నం తెచ్చుకునేవాడు కాదు. రోజూ మధ్యాహ్నం సయామ తన టిఫిన్ క్యారియర్‌లో కింది గిన్నె తీసి, ఏమీ అనకుండా వాడి బెంచీ మీద పెట్టి వెళ్లేది. ఒకసారి వాడు చదువు మానేసి రేవులో పనికి చేరితే, ఆవిడ ఎండలో అహ్లోన్ దాకా నడిచి వెళ్లి, బస్తాల మధ్య నుంచి వాణ్ని వెనక్కి తీసుకొచ్చింది. ఆ అప్పన్న పడవల్లో కొన్నాళ్లు పనిచేసి, ముప్ఫై ఏళ్ల వయసులో బౌద్ధ భిక్షువయ్యాడని లక్ష్మి ఎప్పుడో చెప్పింది. అంతకుమించి నాకేమీ తెలియదు.

విశాఖ నుంచి యాంగోన్‌కు నేరుగా విమానం లేదు. నేను బ్యాంకాక్ మీదుగా వెళ్లాను. వీసా ఆన్‌లైన్‌లోనే వచ్చింది. విదేశీయులు అనుమతి ఉన్న హోటళ్లలోనే దిగాలి కాబట్టి, లక్ష్మి ఎంత అలిగినా వాళ్లింట్లో ఉండడం కుదరలేదు, రైల్వే స్టేషన్ దగ్గర గది తీసుకున్నాను. విమానాశ్రయం నుంచి అక్కడికి టాక్సీలో గంటకు పైగా పట్టింది, అక్కడి డబ్బులో ఇరవై వేల చాట్లు తీసుకున్నాడు. రేట్లు నెలనెలా మారుతున్నాయట, మీరు ఎక్కేముందే మాట్లాడుకోండి. ఇక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి, కానీ చాలావాటికి స్టీరింగు కూడా కుడివైపే ఉంటుంది. ముందు బండిని దాటాల్సి వచ్చినప్పుడల్లా డ్రైవరు ఎడమ పక్క సీట్లో ఉన్న నన్ను అడిగాడు, "ఆంటీ, ఎదురుగా ఏమైనా వస్తోందా?" అని. నలభై ఏళ్లుగా నోట్లో తిరగని బర్మా మాటల్ని కూడదీసుకుని జవాబు చెప్పాను. అతను నా వైపు తిరిగి నవ్వాడు. "మీరు మా అమ్మమ్మలా మాట్లాడుతున్నారు. ఈ మాటలు ఇప్పుడు ఎవరూ వాడరు," అన్నాడు. నా బర్మా భాష నేను వెళ్లిపోయిన రోజునే ఆగిపోయిందని అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే లక్ష్మి వచ్చింది. ఫోన్‌లో కనబడే మొహమే, కానీ ఎదురుగా చూస్తే బుగ్గల మీద గంధంలా పూసుకున్న థనకా చెట్టు చెక్కపొడి వాసన కూడా వచ్చింది. ఇద్దరం వీధి చివర టీ కొట్టులో చిన్న ప్లాస్టిక్ పీటల మీద కూర్చుని మొహింగా తిన్నాం. చేపల పులుసులో సన్న సేమ్యాలు వేసి ఇచ్చే పొద్దుటి తిండి అది. లక్ష్మి తొందర పెట్టింది. "బేగి తిను. ఉజిన్‌కి పన్నెండు లోపల బోయనం అయిపోవాలి. తరవాత ఆయన ముద్ద ముట్టడు." ఉజిన్ అంటే భిక్షువు. అప్పన్న గురించే అంటోందని అర్థం కావడానికి నాకు ఒక క్షణం పట్టింది.

మేం వెళ్లాల్సింది తామ్వేలో ఒక పేటవాళ్ల ప్రార్థన మందిరానికి. టీ కొట్టు నుంచి టాక్సీలో ఇరవై నిమిషాలు. బర్మాలో పాత విద్యార్థులు ఇలా ఏటా ఒకచోట చేరి తమ గురువులకు మొక్కుతారు. మందిరం బయట జనరేటర్ మోగుతోంది, ఎందుకంటే ఆ పేటలో కరెంటు వంతు మధ్యాహ్నం తర్వాతట. లోపల చాపల మీద మా తరగతి. తెల్లజుట్టు, బట్టతల, కళ్లద్దాలు. మొదట ఎవరినీ పోల్చుకోలేకపోయాను. అప్పుడు ఒకాయన గొంతు సవరించుకుని హాజరు పిలవడం మొదలుపెట్టాడు, అచ్చం సయామ పిలిచిన వరసలో. ఒక్కో పేరుకీ ఒక్కో ముసలి చెయ్యి లేస్తుంటే, ఆ మొహాల లోపలి నుంచి పిల్లలు పైకి వచ్చినట్టయింది. కొన్ని పేర్లకు చెయ్యి లేవలేదు. అప్పుడు పక్కవాళ్లు మెల్లగా "లేడు" అన్నారు, ఆయన తల వంచి తర్వాతి పేరుకు వెళ్లాడు.

తొమ్మిదిన్నరకు సయామను కుర్చీతో సహా మోసుకొచ్చారు. ఎనభై దాటిన మనిషి, పిడికెడంత అయిపోయింది. నేను ముందుకు వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాను. నేనెవరో చెబుదామని నోరు తెరిచేలోపే ఆవిడ నా గడ్డం పట్టుకుని, "మ ఎయె, లావయ్యావు," అంది. బడిలో నాకు ఆవిడే పెట్టిన పేరు అది. నా పిల్లలకు కూడా నాకింకో పేరుందని తెలియదు.

లక్ష్మి నన్ను పక్కకు లాగి అసలు సంగతి చెప్పింది. పదేళ్లుగా ప్రతి ఏడూ పిలుస్తున్నా అప్పన్న ఈ కార్యక్రమానికి రాలేదు. భిక్షువు మామూలు మనుషులకు మొక్కకూడదు, కన్నతల్లికైనా సరే. పైగా మిగతావాళ్లే ఆయనకు మొక్కాలి, అందులో సయామ కూడా ఉంటుంది. "అన్నం ఎట్టిన తల్లి వచ్చి నా కాళ్లకాడ పడితే నాను ఎలాగ చూడగల్ను అని రాడే. కబురు మీద కబురు ఎట్టినా రాలేదు. ఈసారి సయామే సొయంగా కబురెట్టింది, పోయేలోగా ఒక్కపాలి నా చేత్తో నీకు ఒడ్డించాల అని. అప్పుడొప్పుకున్నాడు," అంది లక్ష్మి.

పదిగంటలకు ఆయన వచ్చాడు. ఐరావతి ఎగువన ఎక్కడో పల్లెలో మఠం, అక్కడ అనాథ పిల్లలకు బడి నడుపుతాడట. ఒక రాత్రి, ఒక పగలు బస్సులో కూర్చుని వచ్చాడు. భిక్షువులు కట్టుకునే ముదురు ఎరుపు వస్త్రం, చీవరం, గొరిగిన తల, చెప్పుల్లేని పాదాలు. మందిరం మొత్తం ఒక్కసారిగా నేలకు వంగింది, నేనూ వంగాను. వంగుతూనే కళ్లెత్తి చూశాను. ఎడమ కనుబొమ్మ మీద చిన్నప్పటి గాటు అలాగే ఉంది. ఆయన ఎవరినీ చూడకుండా నేరుగా వెళ్లి, తన కోసం వేసిన ఎత్తు పీఠం మీద కూర్చున్నాడు. కూర్చున్నాక చూపు సయామ మీద పడింది, ఇక కదల్లేదు.

సయామ కుర్చీలోంచి దిగుతానంది. డాక్టరు నేల మీద కూర్చోవద్దన్నారని ఆవిడ కూతురు అడ్డుపడింది. పీఠం మీది నుంచి ఆయన కూడా, "వద్దు, కూర్చునే దండం పెట్టండి, చాలు," అన్నాడు బర్మాలో. సయామ వినలేదు.

"నేను మొక్కేది చీవరానికి. మధ్యలో నువ్వెందుకు సిగ్గుపడతావు?" అంది.

లక్ష్మి ఒకవైపు, నేనొకవైపు పట్టుకుని దింపాం. మోకాళ్లు చాపను తాకగానే ఆవిడ ముందుకు తూలింది. ఆయన చెయ్యి ఒక్క ఉదుటున ముందుకు వచ్చింది. ఆడవాళ్లను తాకకూడదు కదా, సగంలో ఆగిపోయింది. ఆ చెయ్యి అలాగే గాలిలో కాసేపు ఉండిపోవడం నేను చూశాను. సయామ నిలదొక్కుకుని, అరచేతులు నుదుటి మీద ఆనించి మూడుసార్లు నేలకు తల వంచింది. ప్రతిసారీ లేవడానికి చాలాసేపు పట్టింది. ఆయన కళ్లు మూసుకుని కూర్చున్నాడు, గడ్డం కింది నుంచి నీళ్లు చీవరం మీదికి జారుతున్నాయి, తుడుచుకోలేదు.

తర్వాత భోజనం. లక్ష్మి వండించిన పులిహోర, కొబ్బరిపాల నూడుల్స్, ఎండురొయ్యల కూర. ఆయన పాత్రలో మొదటి గరిటె అన్నం సయామ పెట్టింది. గరిటె ఒరిగి సగం మెతుకులు గుడ్డ మీద పడితే, ఇంకో గరిటె పెట్టింది. ఎవరూ సాయం వెళ్లలేదు, వెళ్లాలనిపించలేదు. ఆయన ఆ అన్నాన్ని ముందుగా, ఉట్టిదే, ఏ కూరా కలుపుకోకుండా తిన్నాడు.

అసలు వింత ఆ తర్వాత జరిగింది. భోజనం అయ్యాక భిక్షువు నాలుగు ధర్మవాక్యాలు చెప్పాలి. సయామను మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టాం. అందరం ఆయన పీఠం వైపు తిరిగాం. ఆయన లేచి, పీఠం దిగి, నడుచుకుంటూ వచ్చి, సయామ కుర్చీ ముందు చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మందిరంలో గుసగుసలు లేచాయి. భిక్షువు నేల మీద, ఆవిడ పైన!

"ఎత్తులో కూర్చున్న వాళ్లకు కింద కూర్చుని ధర్మం చెప్పకూడదని మా నియమం," అన్నాడు ఆయన నెమ్మదిగా. "రోగులకు మాత్రం మినహాయింపు ఉంది."

"నాకు రోగమేమీ లేదు," అంది సయామ.

"మోకాళ్లు?"

"అది వయసు."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. భిక్షువులు గృహిణులను పిలిచే పిలుపు వేరే ఉంటుంది, ఆయన అది వాడలేదు. "సయామా, ఈ ఒక్కపూటకి రోగి అనిపించుకోండి," అన్నాడు.

ఆవిడకు అర్థమైంది. చాలాసేపు ఆయన్ని చూసింది. ఆ మొహంలో కోపమో, బెంగో, గర్వమో నాకు తెలియలేదు. చివరికి, "సరే. చాలా నొప్పిగా ఉంది, చెప్పు," అంది.

ఆయన చదివాడు. జీవితంలో శుభాలేవో చెప్పే పాళీ శ్లోకాలు అవి. అక్కడ ప్రతి బడిలో పిల్లల చేత వల్లె వేయిస్తారు, మా చేతా సయామ వేయించింది. రెండు పంక్తులయ్యేసరికి వెనక నుంచి ఎవరో గొంతు కలిపారు. తర్వాత ఇంకొకరు. హిందువులం, బౌద్ధులం, ముస్లిం స్నేహితుడొకడు, అందరికీ వచ్చింది. నలభై ఏళ్లుగా ఒక్కసారి కూడా తలుచుకోని శ్లోకం నా నోటి వెంట తనంతట తానే వచ్చేసింది. డ్రైవరుతో నాలుగు మాటలకు తడుముకున్న నేనేనా అనిపించింది. సయామ మధ్యలో వేలెత్తి, "గట్టిగా! వెనక వరసకు వినపడాలి," అంది. చీవరం కట్టుకున్న మనిషి వీపు నిటారుగా చేసుకుని గొంతు పెంచాడు. ఆ గది అంతా పదిహేనేళ్ల పిల్లల గదిలా మారిపోయింది.

రెండింటికి ఆయన బస్సుకు బయల్దేరాలి. గుమ్మం దగ్గర నేను దూరంగా చేతులు జోడించి నిలబడ్డాను. ఏమని పిలవాలో తెలియలేదు. "ఒరే" అన్నమాట నాలుక చివర ఉంది, "ఉజిన్" అన్నాను.

ఆయన ఆగాడు. "ఏటి సత్తెవతీ, బాగున్నావా?" అన్నాడు తెలుగులో. ఒక్కో మాటా వెతుక్కుని తెస్తున్నట్టు. "అప్పన్నా అను. ఆ పేరుకి చీవరం కట్టలేదు."

"అప్పన్నా," అన్నాను. "బడి ఎలాగ నడుస్తోంది?" అని అడిగాను.

"పిల్లలు ఎక్కువ, బియ్యం తక్కువ. కానీ నడుస్తాది. మద్యాన్నం అందరికీ అన్నం ఎడతాం," అన్నాడు. తలుపు లోపలికి, సయామ కుర్చీ వైపు చూశాడు. "ఎలాగ ఎట్టాలో తెలుసు కదా నాకు. ఏటీ అడక్కుండా ఎట్టాల." అంతే, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

సాయంత్రం లక్ష్మి, నేను కాండోజీ సరస్సు గట్టు మీద కూర్చున్నాం. తామ్వే నుంచి మా పాత పేట మింగళ తౌంగ్‌న్యున్‌కు వచ్చే దారిలోనే ఉంది, సూర్యాస్తమయం వేళకు చేరుకుంటే నీళ్ల మీద ష్వెడగోన్ బంగారు గోపురం నీడ కనబడుతుంది. ఆ గోపురాన్ని చూడ్డానికి ప్రపంచం నలుమూలల నుంచీ మనుషులు వస్తారు. నేనూ చూశాను, అందంగానే ఉంది. కానీ నా కళ్లలో ఇంకా ఆ గరిటె, ఆ మెతుకులే తిరుగుతున్నాయి. "ఏటాలోచిస్తున్నావే?" అంది లక్ష్మి. "అప్పన్న ముందుగా ఉట్టి అన్నమే తిన్నాడు, చూశావా?" అన్నాను. ఇద్దరం చీకటి పడేదాకా అలాగే కూర్చున్నాం.

ఇన్నేళ్ల తర్వాత కలుసుకునే స్నేహితుల దగ్గరికి వెళ్తున్నప్పుడు, ఎవరు ఎంత ఎదిగారో, ఎవరు ఎంత ముసలివాళ్లయ్యారో చూద్దామనే ఉబలాటం ఉంటుంది. నాకూ ఉంది. ఆ రోజు ఒక ముసలి టీచరు తన శిష్యుడి ముందు వంగగలిగింది. ఆ శిష్యుడు తన నియమాల గోడలో ఎక్కడో ఉన్న చిన్న కిటికీ వెతుక్కుని, ఆవిడ కాళ్ల దగ్గర కూర్చోగలిగాడు. ఇద్దరూ ఏ నియమాన్నీ తప్పలేదు, ఒకరికొకరు ఏమీ బాకీ పడలేదు. గౌరవం అంటే ఇంత తెలివిగా, ఇంత మొండిగా ఉంటుందని నాకు ఇన్నేళ్లూ తెలియదు.

నాలాగే యాంగోన్‌లో పాత స్నేహితుల్ని వెతుక్కుంటూ వెళ్లేవాళ్లకు ఒక సలహా. బర్మా వాళ్లకు ఇంటిపేర్లుండవు, మనవాళ్లకేమో రెండేసి పేర్లుంటాయి. అందుకని పేరు పట్టుకుని వెతికితే ఎవరూ దొరకరు. మీరు చదివిన పేటకు పొద్దున్నే వెళ్లి, టీ కొట్టులో కూర్చుని, మీ టీచరు పేరు చెప్పి అడగండి. శిష్యుల్ని మరిచిపోయినా, అక్కడ టీచర్ని ఎవరూ మరిచిపోరు.