వాండా విసిరిన బంతి

వాండా కొవాలిక్ బడిలో పిల్లలకు వంట చేస్తుంది. వేసవిలో బడి మూశారంటే ఆమె కాపురమంతా షికాగో బేస్‌బాల్ మైదానంలోనే, ఎడమవైపు గోడ మీది బెంచీల్లో. ఇరవై ఏడేళ్ళుగా అదే చోటు. అవతలి జట్టువాడు గోడ దాటించి కొట్టిన బంతి, అంటే హోమ్ రన్ బంతి, అక్కడ ఎవరి చేతికి చిక్కినా తిరిగి మైదానంలోకి విసిరికొట్టాల్సిందే. మీ సొమ్ము మాకక్కర్లేదు పొమ్మనడం అన్నమాట. ఈమధ్య కొందరు తెలివిమీరి, ఇంటినుంచి తెచ్చుకున్న పాతబంతిని విసిరి అసలుది సంచిలో దాచుకుంటున్నారు. అలాంటివాళ్ళు కంటబడితే వాండా కడిగిపారేస్తుంది.

ఆమె పక్కన కూర్చునే ఆర్లో బెన్నింగ్ ఆ విద్యలో ఆరితేరినవాడు. కుళాయిల పనిచేసి రిటైరైన మనిషి. ఎవరూ పోల్చుకోకుండా తన బంతికి మట్టి కూడా రుద్ది తెస్తాడు. రోజూ తిట్లు తింటాడు, రోజూ ఆమె పక్కనే కూర్చుంటాడు.

ఆ శనివారం మధ్యాహ్నం అవతలి జట్టు ఆటగాడు కింకేడ్‌కు ఐదువందల హోమ్ రన్లు నిండడానికి ఒక్కటే తక్కువ. ఆ బంతికి నాలుగు లక్షల డాలర్లిస్తానని ఎవరో షావుకారు పేపర్లో వేయించాడు. మోసం జరక్కుండా, అతను ఆడుతున్నంతసేపూ ప్రత్యేకమైన దీపం కింద తప్ప కంటికి కనబడని గుర్తు వేసిన బంతులే వాడుతున్నారు.

"నీ ఒళ్ళో పడితే ఏం చేస్తావు?" అన్నాడు ఆర్లో.

"విసిరేస్తా."

"నాలుగు లక్షలే తల్లీ."

"అయితే ఏం? కొట్టినవాడు మనవాడా?"

"నీకు పిచ్చి ముదిరింది. ఆ సాసేజీ ఇటియ్యి."

ఆరో ఇన్నింగ్స్‌లో కింకేడ్ కొట్టనే కొట్టాడు. బంతి నేరుగా వాండా మీదికే వచ్చింది. ఆమె లేచి ఒడిసిపట్టింది. "విసిరెయ్ వాండక్కా" అని బెంచీలన్నీ ఒకటే గోల. ఆర్లోకి ప్రాణం ఒప్పలేదు. తన మట్టిబంతి తీసి ఆమె చేతిలో కుక్కబోయాడు. ఆ తోపులాటలో రెండు బంతులూ కాళ్ళ దగ్గర పడ్డాయి. వాండా వంగి చేతికందినదాన్ని పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి విసిరింది. జనం ఈలలతో ఊగిపోయారు.

ఆ సంబరం రెండు నిమిషాలు కూడా నిలవలేదు. వెనక వరుసవాడు బెంచీ కింద నుంచి రెండో బంతి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "మరి ఇదేంటక్కా?" అని నవ్వాడు.

వాండా మొహం పాలిపోయింది. తను విసిరింది ఏదో ఆమెకే తెలియదు. డబ్బంటే చేదేమీ కాదు, బడి వంటతో ఎవరు మేడలు కట్టారు కనుక. కానీ ఇది అసలుదైతే ఇన్నేళ్ళు ఊరందరినీ తిట్టిన తిట్లన్నీ తనకే తగులుతాయి.

"నోరు మూసుకుని సంచిలో వేసుకో" అని గొణిగాడు ఆర్లో.

"ఇది అసలుదే అయితే రేపు ఏ మొహంతో ఇక్కడ కూర్చోను?"

"నాలుగు లక్షలున్న మొహంతో."

ఇంతలో గుర్తులు చూసే ఆయన ఆ చిన్న దీపం పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. ఆయన బంతిని దీపం కింద ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. వాండా కళ్ళు మూసుకుంది.

"క్షమించండి మేడమ్" అన్నాడాయన, పాపం నిజంగానే బాధపడుతూ. "దీనిమీద ఏ గుర్తూ లేదు. ఆరు డాలర్లు కూడా చెయ్యదు."

వాండా ఆయన్ని కావలించుకుని రెండు బుగ్గల మీదా ముద్దులు పెట్టింది.